వాసన చూసే కుర్చీ

పెద్ద హోటల్ వంటగదికి ఉన్న ఒక్క కిటికీకీ యజమాని మేకులు కొట్టించాడు. ఆ కిటికీ తెరిస్తే మిరపకాయల పొగ పక్క వరండాలోకి పోతోంది, అక్కడ కూర్చుని తినేవాళ్లు దగ్గుతున్నారు. లోపల వండేవాళ్లు దగ్గితే ఆయనకు ఇబ్బంది లేదు. పొగ లాగే ఫ్యాను అప్పటికే కాలిపోయింది. "వచ్చే నెల మార్పిద్దాం" అన్నాడు. ఆ వచ్చే నెల తొమ్మిదేళ్లయినా రాలేదు.

ఆ తొమ్మిదేళ్లూ ఆ గదిలో రోజూ రెండు కిలోల ఎండుమిరపకాయలు నూనెలో వేయించిన మనిషి గురించి ఇది. తర్వాతి రోజుల్లో వీధి మొత్తం ఆమెను సూపక్క అని పిలిచింది కాబట్టి నేనూ అలాగే అంటాను. అప్పట్లో ఆ హోటల్లో ఆమెను "ఏయ్, నూడుల్స్" అని పిలిచేవారట. థాయ్ నూడుల్ సూపుల పొయ్యి ఆమెది. ఆ దేశం నుంచి వచ్చిన ఒక వంటావిడ రెండేళ్లు అక్కడ పనిచేసి, వెళ్లిపోతూ తన చేతి పనంతా ఈమెకు నేర్పి వెళ్లింది.

ఒకరోజు వెల్లుల్లి మాడింది. మాడిందని ఈమెకు తెలియలేదు. వరసగా ఎనిమిది గిన్నెలు వెనక్కి వచ్చాయి. యజమాని లోపలికి వచ్చి, పనివాళ్లందరినీ వరసగా నిలబెట్టి, ఆమెను కళ్లు మూసుకోమన్నాడు. ముక్కు కింద ఏదో పెట్టి "ఇదేంటో చెప్పు" అన్నాడు. ఆమె రెండుసార్లు గట్టిగా పీల్చి, పక్కన నిమ్మగడ్డి తరుగుతున్న చప్పుడు అంతకుముందే విని ఉంది కాబట్టి, "నిమ్మగడ్డి" అంది.

అది నేల తుడిచే గుడ్డ.

అందరూ నవ్వారు. తొమ్మిదేళ్లు భుజం భుజం రాసుకుంటూ పనిచేసినవాళ్లు కూడా నవ్వారు. "ముక్కు లేని వంటమనిషిని పెట్టుకుని నేనేం చేసుకోను?" అని అదే పూట పంపేశాడు. ఆ ముక్కు ఎవరి వల్ల పోయిందో ఆ గదిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. విచిత్రం ఏమిటంటే ఆమెకూ గుర్తు రాలేదు. "సిగ్గుతో చచ్చిపోయాను, అంతే" అని చెప్పింది నాతో. అన్యాయం జరిగినవాళ్లే సిగ్గుపడతారు. చేసినవాళ్లు హాయిగా భోంచేసి పడుకుంటారు. ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

* * *

ఆ తర్వాత ఆమె సొంతంగా ఒక చిన్న సూపు దుకాణం పెట్టుకుంది. నేను దానికి ఆనుకుని ఉన్న ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు. మధ్యాహ్నం తిండి ఆమె దగ్గరే. ఆరు బల్లలు, పద్దెనిమిది కుర్చీలు. గోడకు నేను అచ్చు వేసి ఇచ్చిన పట్టిక. అందులో నాలుగే రకాలు: పుల్ల కారం సూపు, కొబ్బరిపాల సూపు, నల్ల సూపు, ఏడిపించే సూపు. చివరి పేరు నేనే పెట్టాను. అది తిని ఏడవనివాణ్ణి నేను చూడలేదు.

ప్రతి బల్ల మీదా నాలుగు సీసాలు ఉండేవి. పంచదార, కారప్పొడి, చేపల సాసు, పచ్చిమిర్చి ముక్కలు వేసిన వెనిగర్. సూపు ఎప్పుడూ పూర్తి చేసి ఇవ్వకూడదని ఆ థాయ్ వంటావిడ నేర్పిందట. వంటమనిషి ముప్పావు వంతు చెయ్యాలి, మిగతా పావు తినేవాడి చేతికి వదిలెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్లు రుచి చూసి "ఇదేంటి, చప్పగా ఉంది" అంటే సూపక్క లోపలి నుంచి అరిచేది: "చేతులు పడిపోయాయా నాయనా? ఎదురుగా నాలుగు సీసాలున్నాయి. కలుపుకుని తిను. తర్వాత తిట్టాలనిపిస్తే నిన్ను నువ్వే తిట్టుకో."

ఆమె నాలుక బాగానే పనిచేసేది. ఉప్పు, పులుపు, తీపి, చేదు, మంట అన్నీ తెలిసేవి. వాసన ఒక్కటే తెలియదు. అల్లానికి చుట్టంలాంటి తెల్ల దుంప, నిమ్మాకు, వేయించిన ఉల్లి, అన్నీ ఆమెకు గడ్డితో సమానం. కొలిచి వేసేది. గడియారం చూసి దించేది. వెల్లుల్లి వేగుతుంటే చెవి వంచి వినేది. నీరు ఇగిరేదాకా ఒక చప్పుడు, ఆ తర్వాత ఇంకొకటి, అది తగ్గగానే దించెయ్యాలి. గ్యాసు గొట్టాలకు రోజూ పొద్దున్నే సబ్బునీళ్లు పూసి బుడగ వస్తోందా అని చూసేది.

కానీ పాచిపోయిన మాంసాన్ని నాలుక మీద వేసుకుని తేల్చలేం కదా. దానికి ముక్కు కావాలి. ఆ ముక్కు వాళ్ల అత్తగారిది.

దుకాణంలో పంతొమ్మిదో కుర్చీ ఒకటి వంటగది గుమ్మం పక్కన ఉండేది. అందులో ఎవరూ కూర్చోకూడదు. కొడుకు పోయాక ఆ పెద్దావిడ ఇంకో కొడుకు దగ్గరికి వెళ్లకుండా కోడలి దగ్గరే ఉండిపోయింది. కోడలంటే ప్రేమ అనుకుంటే పొరపాటు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. అయినా రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆవిడ ఆ కుర్చీలో కూర్చునేది. కోడలు ఒక్కొక్క గిన్నే తెచ్చి మూత తీసేది.

"అత్తయ్యా, ఇది చూడండి."

"గిన్నె నా ముక్కులో పెట్టకమ్మా, ముక్కు కింద పెట్టు. హా. ఇది ఫరవాలేదు."

"చేపల సాసు?"

"ఆ చేపలు చచ్చి ఎన్నాళ్లయిందో గానీ, సీసాలో పడ్డాక కొత్తగా చచ్చింది మాత్రం ఏమీ లేదు. వాడుకో."

"నిన్నటి కోడి ఎముకలు?"

ఆవిడ కోడలి ముఖంలోకి ఒకసారి చూసి, గిన్నె మీదికి వంగి, పెదవి విరిచేది. "పారబొయ్యి."

కోడలు మారుమాట్లాడకుండా పారబోసేది. వీధిలో ఎవరి మాటా వినని మనిషి, అత్తగారు అక్కర్లేదంటే పది కిలోల మాంసం కూడా బకెట్‌లో వేసేది. ఐదేళ్లలో ఆ దుకాణంలో తిని ఒక్కరికి కడుపు నొప్పి రాలేదు.

ఈ సంగతి బయటివాళ్లలో నాకొక్కడికే తెలుసు. ఒకరోజు ప్రెస్సులో కిరసనాయిలు డబ్బా నా చొక్కా మీద ఒలికింది. అలాగే తిండికి వెళ్తే పక్క బల్లవాళ్లు లేచి దూరం జరిగారు. సూపక్క మాత్రం నా మీదికి వంగి గిన్నె పెట్టి, చెంచా సర్ది, మామూలుగా నిలబడింది.

"అక్కా, మీకు వాసన రాదా?" అని అడిగాను.

"ఇంకొంచెం గట్టిగా అడుగు. వీధి చివర చెప్పుల షాపు వాడికి వినపడలేదు" అని పళ్లు కొరికింది. తర్వాత జనం వెళ్లిపోయాక, కిటికీ సంగతి, గుడ్డ సంగతి చెప్పింది. "నీ నోరు దాటితే నీ సూపులో ఏం వేస్తానో నాకే తెలియదు" అంది.

* * *

నా నోరు దాటలేదు. కానీ ఆ హోటల్లో ఆ రోజు నవ్వినవాళ్లు డజను మంది ఉన్నారు. పెద్ద హోటల్లో మధ్యాహ్నం బేరం తగ్గి, జనం ఈ ఆరు బల్లల కోసం బయట నిలబడటం మొదలయ్యేసరికి ఆ యజమానికి పాత సంగతి జ్ఞాపకం వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం సూపక్క తడి చేతులతో ఒక కాగితం పట్టుకుని ప్రెస్సుకు వచ్చింది. "నువ్వు చదువుతావుగా పెద్ద పెద్దవి. ఇది చదువు" అంది. ఆహార తనిఖీ ఆఫీసు నోటీసు. వంట చేసే వ్యక్తికి వాసన గ్రహించే శక్తి లేదని, దాన్ని దాచి ప్రజలకు ఆహారం అమ్ముతున్నారని ఫిర్యాదు అందింది. శుక్రవారం పదకొండు గంటలకు తనిఖీ. పాడైన పదార్థాన్ని గుర్తించే ఏర్పాటు ఆ వంటగదిలో ఉందని రుజువు చెయ్యలేకపోతే లైసెన్సు రద్దు.

ఆమె రెండోసారి చదివించుకుంది.

"ఏర్పాటు ఉంది కదక్కా. మామ్మగారు ఉన్నారుగా" అన్నాను.

"అదే. ఆవిణ్ణి కూర్చోబెట్టి చూపిస్తాను. ముక్కు నాదే అయ్యుండాలని ఎక్కడా రాయలేదుగా? సరిగ్గా చూడు."

సరిగ్గా చూశాను. రాయలేదు. ఆమె ఊపిరి పీల్చుకుని వెళ్లింది. అరగంటలో గోడ అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"నన్ను కుక్కననుకున్నావా? ఆఫీసరు ముందు కూర్చోబెట్టి వాసన చూపిస్తావా? ఆట ఆడిస్తావా నాతో?"

"రోజూ చూస్తున్నదేగా అత్తయ్యా!"

"రోజూ ఇంట్లో చూస్తున్నాను. నా కోడలికి చేస్తున్నాను. ఊరివాళ్లకు కాదు. నేను రాను."

ఆవిడ మేడ మీది గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బుధవారం కుర్చీ ఖాళీ. గురువారం కూడా ఖాళీ. సూపక్క ఆ రెండు రోజులూ ఏ పూటకు ఆ పూట మాంసం తెప్పించి, మిగిలింది మిగిలినట్టు పారేసింది. ఫ్రిజ్‌లో ఏదీ ఉంచలేదు.

ఈలోగా వీధి చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టింది. గురువారం నేను తింటుంటే వెనక బల్ల మీద బట్టలు కుట్టే ఆయన, తాళాలు బాగుచేసే ఆయన మాట్లాడుకుంటున్నారు.

"ఆవిడకి ముక్కు పనిచెయ్యదంట, నిజమేనా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

"ఐదేళ్ల నుంచీ తింటున్నావుగా. చచ్చావా?"

"చావలేదు గానీ, ఈ మాట విన్న దగ్గర నుంచీ కడుపులో ఏదో తిప్పుతోంది."

ఆయన సగం గిన్నె వదిలేసి లేచాడు. ఆ గిన్నె సూపక్కే తీసింది. అందులోకి చూసి, నా వైపు చూసి, లోపలికి పట్టుకుపోయింది.

ఆ సాయంత్రం మెట్ల కింద నిలబడి పైకి పిలుస్తుంటే విన్నాను. "అత్తయ్యా, నేను అడుక్కుంటున్నాను. ఒక్క అరగంట. మీరు తిట్టండి, కొట్టండి, కానీ ఒక్క అరగంట ఆ కుర్చీలో కూర్చోండి. దుకాణం పోతే మనిద్దరం ఎక్కడికి పోతాం?"

కాసేపటికి పైన గొళ్లెం తీసిన చప్పుడు. "సరే, ఏడవకు ఇంక. నువ్వు నా ఎదురుగానే నిలబడాలి. ఎటూ కదలకూడదు" అంది పెద్దావిడ.

ఆ షరతు ఎందుకో మా ఇద్దరికీ తట్టలేదు. ముసలితనపు బింకం అనుకున్నాం.

* * *

ఇన్‌స్పెక్టరమ్మ సరిగ్గా పదకొండుకు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మర్యాదగా మాట్లాడే మనిషి. అరిచేవాళ్లైతే తిరిగి అరవచ్చు. ఈమె చేతికి తొడుగులు వేసుకుని, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో కొలిచి, మూతలు తీసి చూసి, గ్యాసు గొట్టాల మీద సబ్బునీటి మరకలు చూసి "ఇది బాగుంది" అని రాసుకుంది. నేను ప్రెస్సు వదిలి గుమ్మంలో నిలబడ్డాను. పన్నెండింటి గిరాకీ అప్పుడే చేరుతోంది. బయట పదిమంది దాకా ఉన్నారు. తినడానికి కొందరు, చూడటానికి కొందరు.

"ఫిర్యాదులో రాసింది నిజమేనా అండీ?" అని అడిగింది.

"నిజమే" అంది సూపక్క. "నాకు వాసన రాదు. మా అత్తగారు చూస్తారు. ఆవిడ కాదన్నది ఏదీ పొయ్యి ఎక్కదు."

బయట గుసగుస లేచింది. సూపక్క అటు చూడలేదు.

"అయితే ఒకసారి చూద్దాం" అని ఇన్‌స్పెక్టరమ్మ సంచిలోంచి మూడు స్టీలు డబ్బాలు తీసింది. మూడింటిలోనూ వడకట్టిన కోడి రసం, ఒకే రంగు, ఒకే పాళ్లు. ఒకటి పాడైనది. గుమ్మంలో నిలబడ్డ నాకు, మూత తియ్యగానే మధ్య డబ్బా నుంచి పుల్లటి కుళ్లు వాసన ముక్కుకు తగిలింది. ఇది చాలా తేలిక, గండం గడిచింది అనుకున్నాను.

పెద్దావిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఉతికిన చీర, దువ్విన తల. సూపక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు కొంచెం పక్కకు జరగండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ ఆమెతో. "అటు తిరిగి నిలబడితే మంచిది. సైగ చేశారని రేపు ఎవరూ అనకూడదు కదా."

సూపక్క గోడ వైపు తిరిగింది.

పెద్దావిడ ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. మొదటి డబ్బా మీదికి వంగింది. పీల్చింది. రెండో దాని మీదికి వంగింది. పీల్చింది. ముక్కుపుటాలు కదల్లేదు, కనుబొమలు కదల్లేదు. నేను నాలుగు అడుగుల దూరంలో ఊపిరి బిగబట్టాల్సిన వాసన. ఆవిడ ముఖం దాని పైన నీళ్ల గిన్నె మీద వంగినట్టు వంగి ఉంది. మూడోది పీల్చింది. మళ్లీ మొదటికి వెళ్లింది. తల ఎత్తి కోడలి వైపు చూసింది. కనిపించింది కోడలి వీపు, నడుము దగ్గర ముడి వేసిన ఏప్రను తాళ్లు.

పొయ్యి మీద పెద్ద గంగాళం కుతకుతమంటోంది.

"అమ్మాయ్" అంది పెద్దావిడ నెమ్మదిగా. కోడలు తిరగబోయింది.

"తిరక్కండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

నేను చెప్పేద్దామనుకున్నాను. మధ్యది అని ఒక్క మాట. చెప్తే అప్పుడే అంతా ముగిసిపోతుందని తెలిసి పళ్ల మధ్య నాలుక నొక్కిపెట్టాను.

పెద్దావిడ చెయ్యి మూడో డబ్బా మీద ఆనింది. "ఇది" అంది. "ఇది పాడైంది. మిగతా రెండూ వాడుకోవచ్చు."

ఇన్‌స్పెక్టరమ్మ తల దించుకుని రాసుకుంటోంది. గుమ్మంలో ఎవరో "అయ్యో, మధ్యదే కదా కంపు కొడుతోంది!" అని పైకే అనేశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుకు సూపక్క గిర్రున తిరిగింది. ముందు అత్తగారి ముఖం చూసింది. తర్వాత డబ్బాలు. తర్వాత గుమ్మం వైపు. "ఎవడ్రా నవ్వింది?" అంది. గొంతు పెంచలేదు. "మా అత్తగారిని చూసి నవ్వినవాడు ఎవడో ముందుకు రండి. ముఖం చూడాలి."

ఎవరూ రాలేదు.

పెద్దావిడ ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. సూపక్క ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"కిందటేడు జ్వరం వచ్చిందే. అప్పటి నుంచి."

"ఏడాది! మరి రోజూ ఎలా చెప్పారు?"

"నీ ముఖం చూసి." పెద్దావిడ గొంతు చీరకొంగులోకి పోయింది. "గిన్నె పట్టుకుని వచ్చేటప్పుడు నీకు అనుమానం ఉంటే నీ ముఖంలో తెలిసేది. అప్పుడు పారబొయ్యమన్నాను. లేకపోతే బాగుందన్నాను."

"చెప్పొచ్చుగా నాతో!"

"చెప్తే ఇంక నాకిక్కడ పనేముందే?"

సూపక్క బుర్రలో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఏడాది. మూడొందల పొద్దుటి పూటలు ఇద్దరు మనుషులు ఒకరినొకరు నమ్ముకుని, మధ్యలో ముక్కు అన్నది లేకుండానే, రోజుకు నూట యాభై గిన్నెలు జనానికి పెట్టారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఏదైనా కావడానికి ఒక్క పూట చాలు.

ఆమె లేచింది. పొయ్యి కట్టేసింది. రెండు గుడ్డలు తీసుకుని గంగాళం చెవులు పట్టుకుని, నా వైపు తల ఊపింది. నేను రెండో చెవి పట్టుకున్నాను. పొద్దున ఆరింటి నుంచి మరిగిన నలభై లీటర్ల రసం పెరట్లో కాలవలోకి వంచేశాం. కొబ్బరిపాలు పోయాయి, నల్ల సూపు పోయింది, తరిగిన మాంసం పోయింది. ఇన్‌స్పెక్టరమ్మ కలం పట్టుకుని చూస్తూ నిలబడింది. "అవి బాగానే ఉన్నాయండీ, నేను చూశాను" అంది ఒకసారి.

"మీరు చూశారు. నేను చూడలేదు" అంది సూపక్క. "మీరు రోజూ రారుగా."

చేతులు కడుక్కుని బయటికి వెళ్లి, నిలబడ్డ జనంతో "ఈ రోజు లేదు. రేపు కూడా లేదు. వెళ్లండి" అంది. తలుపు మీద బోర్డు తిప్పింది. తర్వాత వచ్చి ఇన్‌స్పెక్టరమ్మ ముందు నిలబడింది. "ఇప్పుడు రాసుకోండి. మూసింది నేను. మళ్లీ తెరవాలంటే ఏం చెయ్యాలో అది కూడా రాయండి."

ఇన్‌స్పెక్టరమ్మ రద్దు అన్న గడి వదిలేసి, పదిహేను రోజులు నిలుపుదల అన్న గడిలో గుర్తు పెట్టింది. ముక్కు మీద ఆధారపడని ఏర్పాటు చేసుకుని కబురు పెట్టమంది.

* * *

ఆ పదిహేను రోజులూ నేను పని కాగానే అక్కడికే వెళ్లేవాణ్ణి. ప్రతి డబ్బాకూ వండిన రోజు, గంట రాసే చీటీలు అచ్చు వేశాను. గంట దాటితే లోపల ఏమున్నా పారెయ్యాలి. కొబ్బరిపాలు వాడేముందు ఒక గరిటె విడిగా మరిగించి విరుగుతున్నాయా అని చూడాలి. మాంసం ఏ రోజుది ఆ రోజే. నల్ల సూపు పట్టికలోంచి తీసేసింది, అంత సరుకు నిలవ ఉంచనక్కర్లేకుండా. నేను పేరు పెట్టిన ఏడిపించే సూపు ఉండనిచ్చింది.

అన్నిటికీ మించి ఒక కొత్త పద్ధతి పెట్టింది. వంటగదిలోకి వచ్చే ఎవరైనా, కూరగాయలు తెచ్చేవాడు, గ్యాసుబండ మోసేవాడు, చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన గిరాకీ, ముందు కుండల మీద వంగి వాసన చూడాలి. తేడాగా ఉందని ఎవరన్నా సరే, చివరికి ఆటపట్టించడానికి అన్నా సరే, ఆ కుండ పారబోస్తుంది. బాగుందంటే మాత్రం ఆ మాటకు విలువ లేదు. చీటీ ఏం చెప్తే అదే. కూరగాయలవాడు దుకాణం మళ్లీ తెరిచిన మొదటి వారంలో వేళాకోళానికి "ఏదో తేడాగా ఉందక్కా" అన్నాడు. కళ్లముందే ఎనిమిది లీటర్లు కాలవలో పోయాయి. వాడు మళ్లీ ఎప్పుడూ వేళాకోళం చెయ్యలేదు.

పెద్దావిడ వారం రోజులు గదిలోంచి రాలేదు. ఎనిమిదో రోజు సూపక్క బియ్యపు నూడుల్స్ నానబెట్టిన తొట్టి మెట్ల మీదుగా మోసుకెళ్లి ఆవిడ మంచం పక్కన దబ్బున పెట్టింది.

"ఇవి నానాయా లేదా చెప్పండి. ఎక్కువైతే సూపులో గుజ్జవుతాయి. నాకు తొందరలో చెయ్యి పెట్టి చూసే తీరిక లేదు."

"నా ముక్కే పోయింది. చేతులు మాత్రం ఏం నమ్ముతావు?"

"నమ్మను. మీరు చెప్పాక ఒక పోగు తీసి ఉడికించి చూస్తాను. అబద్ధం చెప్తే అక్కడే దొరికిపోతారు. కిందికి దిగండి."

"నోరు చూడు దీనికి" అంటూ పెద్దావిడ దిగి వచ్చింది. కుర్చీని గుమ్మం పక్క నుంచి నీళ్ల తొట్టి పక్కకు జరిపారు.

పదహారో రోజు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, చీటీలన్నీ చదివి, ఒక గిన్నె పుల్ల కారం సూపు తెప్పించుకుని తిన్నది. లైసెన్సు రద్దు చెయ్యలేదు. ఆరు నెలలకు ఇచ్చింది. ఆరు నెలలకొకసారి మళ్లీ వచ్చి చూస్తుంది. గిరాకీ సగమే తిరిగి వచ్చింది. బట్టలు కుట్టే ఆయన రాలేదు. పెద్ద హోటల్ యజమానికి ఏమీ కాలేదు. ఆ కిటికీకి ఇప్పటికీ మేకులు ఉన్నాయని, ఇప్పుడు ఆ పొయ్యి దగ్గర ఇంకో ఆడమనిషి దగ్గుతోందని విన్నాను. ఆ హోటల్ మీద కూడా ఫిర్యాదు పెడదాం, నేను రాస్తాను అన్నాను. సూపక్క వద్దనలేదు. "రాయి. సంతకం నేను పెడతాను" అంది. రాశాను. పంపాం. జవాబు ఇంకా రాలేదు.

తర్వాతి ఏడు మా ప్రెస్సు మూతపడింది. వేరే ఊళ్లో పని దొరికింది. వెళ్లే రోజు పొద్దున సంచీతో దుకాణానికి వెళ్లాను. పెద్దావిడ తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి నూడుల్స్ నొక్కుతూ, "ఇంకో పావుగంట" అని కోడలికి చెప్తోంది. కోడలు అప్పటికే ఒక పోగు ఉడికించి కొరికి చూస్తోంది. "పది నిమిషాలు చాలు" అంది. "పావుగంట" అంది పెద్దావిడ. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

వెళ్తున్నానని చెప్పాను. సూపక్క చెయ్యి తుడుచుకుని, నా సంచీ తీసి పక్కన పెట్టి, పొయ్యి మీది కుండ మూత ఎత్తింది. వంగి చూశాను. నిమ్మాకు, అల్లపు ఘాటు, వేగిన మిరపకాయ. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఆవిరి వల్ల అని ఆమె అనుకుని ఉంటుంది.

"బాగుందక్కా" అన్నాను.

"నువ్వు బాగుందంటే నేను నమ్మను" అంది. "ఇంకోసారి చూడు. ఏమైనా తేడాగా ఉంటే చెప్పు, మొహమాటపడకు. ఇంకా జనం రాలేదు, పారబోసి మళ్లీ ఎక్కించడానికి టైముంది."